కళ్ళు చూసిందే జ్ఞాపకం చెబుతుందా?

పోపుల డబ్బాలోనో, బియ్యం డబ్బా అడుగునో మీరు దాచుకున్న వంద రూపాయల నోటు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని బయటికి తీయకుండా చెప్పండి చూద్దాం, ఆ నోటు వెనక వైపు ఏ బొమ్మ ఉంది? గుడా? కోటా? రథమా?

ఎన్ని వందలసార్లు ఆ నోటు మన చేతుల్లోంచి వెళ్ళి ఉంటుంది! కూరల బండి దగ్గర విప్పుతాం, పాలవాడికి ఇస్తాం, చిల్లర లెక్క చూసుకుంటాం. అయినా చటుక్కున చెప్పడం చాలామందికి రాదు. లేత ఊదారంగు నోటైతే దాని మీద ఉన్నది గుజరాత్‌లోని 'రాణీ కీ వావ్' అనే మెట్లబావి. అంతకు ముందు వచ్చిన నోటైతే మంచు కొండలు. హంపీ రథం యాభై నోటు మీదుంటుంది, ఎర్రకోట అయిదు వందల నోటు మీద.

చెప్పలేకపోతే చిన్నబుచ్చుకోకండి. 1979లో అమెరికాలో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు, అక్కడివాళ్ళు రోజూ వాడే పెన్నీ నాణెం బొమ్మని చూడకుండా గీయమని కొంతమందిని అడిగారు. నాణెం మీద ఎనిమిది ముఖ్యమైన వివరాలుంటే, మూడు నాలుగు సరిగ్గా పెట్టగలిగినవాళ్ళే గొప్ప అనిపించింది. రంగు, సైజు చూసి వంద నోటని తెలుసుకుంటే మన పని అయిపోతుంది. పని లేని వివరాన్ని మనసు మోసుకుని తిరగదు.

నోటు సంగతి సరే, నష్టమేం లేదు. ఒక మనిషి ముఖం విషయంలో ఇలా జరిగితే? పైగా "నాకు బాగా గుర్తుంది, వీడే!" అని కోర్టులో ప్రమాణం చేసి చెబితే?

ఆ ముఖాన్ని మర్చిపోకూడదనుకున్న అమ్మాయి

1984 జూలై. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో బర్లింగ్టన్ అనే పట్నం. జెన్నిఫర్ థాంప్సన్ అనే ఇరవై రెండేళ్ళ కాలేజీ విద్యార్థిని తన ఇంట్లో ఒంటరిగా నిద్రపోతోంది. అర్ధరాత్రి దాటాక ఒకడు లోపలికి చొరబడి, గొంతు మీద కత్తి పెట్టి అత్యాచారం చేశాడు.

ఆ అమ్మాయి ధైర్యం చూడండి. అంత భయంలోనూ ఒకే ఒక్క నిర్ణయం తీసుకుంది. బతికి బయటపడితే వీణ్ణి పోలీసులకి పట్టివ్వాలి, అందుకని వీడి ముఖం గుర్తుపెట్టుకోవాలి. ఎత్తెంత, జుట్టెలా ఉంది, ముఖం మీద మచ్చేదైనా ఉందా అని చీకట్లోనే వెతుక్కుంది. చివరికి, తాగడానికేమన్నా తెస్తానని వాణ్ణి నమ్మించి, వంటింట్లోకి వెళ్ళి వెనక తలుపులోంచి పరుగెత్తి పక్కింటివాళ్ళని లేపింది. అదే రాత్రి అక్కడికి కాస్త దూరంలో ఇంకో స్త్రీ మీద కూడా ఇలాంటి దాడే జరిగింది.

పోలీసులు ఆమె చెప్పిన ఆనవాళ్ళతో ఒక బొమ్మ తయారుచేశారు. ఆ బొమ్మ చూసి ఎవరో రొనాల్డ్ కాటన్ పేరు చెప్పారు. అతనిదీ ఆమె ఈడే. దగ్గర్లోని ఒక హోటల్లో పనిచేసేవాడు. అంతకు ముందే పోలీసు రికార్డుల్లో అతని పేరుంది. ఆరు ఫొటోలు ఆమె ముందు పెడితే, అయిదు నిమిషాల దాకా అటూ ఇటూ చూసి, ఇతనే అయివుంటాడని కాటన్ ఫొటో తీసింది. బాగా చేశావన్నట్టు పోలీసులు ఆమెకి ధైర్యం చెప్పారు.

కొన్ని రోజులకి మనుషుల్నే వరసలో నిలబెట్టారు. మళ్ళీ కాటన్‌నే చూపించింది. ఫొటోల్లో నువ్వు తీసింది కూడా ఇతన్నేనని పోలీసులు చెప్పారు. ఆ మాటతో ఆమెకి ఉన్న కాస్త అనుమానమూ పోయింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఫొటోల్లోనూ, వరసలోనూ రెండుసార్లూ ఉన్నవాడు కాటన్ ఒక్కడే. రెండోసారి ఆమె గుర్తుపట్టింది ఆ రాత్రి చూసిన ముఖాన్నా, మొన్న ఫొటోలో చూసిన ముఖాన్నా?

అటు కాటన్ కూడా తన జ్ఞాపకం చేతిలోనే దెబ్బతిన్నాడు. ఆ రాత్రి ఎక్కడున్నావని అడిగితే, అంతకు ముందు వారాంతం సంగతి ఈ వారాంతం అనుకుని చెప్పాడు. పోలీసులు వాకబు చేస్తే ఆ మాట తేలిపోయింది. ఇంకేం, అబద్ధమాడుతున్నాడనుకున్నారు. మీరే చెప్పండి, పోయిన శనివారం కాక అంతకు ముందు శనివారం సాయంత్రం మీరెక్కడున్నారు? అడిగినవాడు పోలీసైతే నోట్లోంచి సరైన జవాబే వస్తుందా?

1985 జనవరిలో కోర్టులో జెన్నిఫర్ వేలు చూపించి చెప్పింది. కాటన్‌కి యావజ్జీవ శిక్ష పడింది.

ఇక్కడితో అయిపోలేదు. జైల్లో కాటన్‌కి బాబీ పూల్ అనే ఇంకో ఖైదీ తారసపడ్డాడు. ఇద్దరికీ పోలికలుండటంతో జైలు వంటింట్లో ఒకర్ని చూసి ఇంకొకరనుకునేవాళ్ళట. ఆ నేరం తానే చేశానని పూల్ చెప్పుకుంటున్నాడని కూడా కాటన్ చెవిన పడింది. 1987లో కేసు మళ్ళీ విచారణకి వచ్చింది. ఈసారి పూల్‌ని కూడా కోర్టుకి రప్పించి జెన్నిఫర్‌కి చూపించారు. అసలు నేరస్థుడు కళ్ళెదుట నిలబడి ఉన్నాడు. ఆమె ఇతన్ని నేనెప్పుడూ చూడలేదంది! అబద్ధం కాదు సుమా, మనస్ఫూర్తిగా అంది. అప్పటికి మూడేళ్ళుగా ఆమె పీడకలల్లోకి వస్తున్న ముఖం కాటన్‌ది. అసలువాడి ముఖం ఎప్పుడో చెరిగిపోయింది. ఈసారి రెండు నేరాలూ కాటన్ మీదే పడ్డాయి.

1995లో, అప్పటికి భద్రంగా ఉన్న సాక్ష్యాల మీద డీఎన్‌ఏ పరీక్ష చేశారు. నేరం చేసింది పూల్ అని తేలింది. అతనూ ఒప్పుకున్నాడు. ఆ ఏడాది జూన్ 30న కాటన్ విడుదలయ్యాడు. అప్పటికి పదిన్నర ఏళ్ళు పోయాయి. లోపలికి వెళ్ళేటప్పుడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు! ప్రభుత్వం లక్షకు పైగా డాలర్లు పరిహారం ఇచ్చింది గానీ, ఆ వయసుకి లెక్క ఎవరు కట్టగలరు?

జాడీలో ఊరగాయ కాదు

ఇదంతా చదివి ఆ అమ్మాయిని తప్పుపట్టాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. జ్ఞాపకం గురించి మనందరికీ ఒక నమ్మకముంది. చూసింది చూసినట్టు లోపల ఎక్కడో ఉంటుందని, కావాలనుకున్నప్పుడు జాడీ మూత తీసి ఆవకాయ ముక్క తీసుకున్నట్టు తీసుకోవచ్చని. అలా కాదంటున్నారు శాస్త్రవేత్తలు. జ్ఞాపకం రోజూ కొత్తగా వండుకునే పప్పులాంటిది. పాత దినుసులు కొన్ని, చేతికి అందినవి కొన్ని. ఎవరి ముందు వడ్డిస్తున్నామనే దాన్ని బట్టి పోపు కూడా మారుతుంది.

మనం ఒక సంఘటన చూసినప్పుడు రంగు, శబ్దం, భయం అన్నీ మెదడులో ఒకేచోట చేరవు. తలకొక చోట ముద్ర పడతాయి. వాటిని కలిపి ముడివేసే పని హిప్పోకాంపస్ అనే భాగానిది. గుర్తు తెచ్చుకోవడమంటే ఆ ముక్కల్ని మళ్ళీ ఏరి కలపడమే. మధ్యలో ఏదైనా ముక్క దొరక్కపోతే మెదడు ఖాళీ వదిలిపెట్టదు. ఇలా జరిగి ఉంటుందనుకుని పూరించేస్తుంది. పూరించిన చోట అతుకు మనకి కనపడదు, అదే చిక్కు.

1932లో ఇంగ్లండులో బార్ట్‌లెట్ అనే ప్రొఫెసర్ ఒక పుస్తకం రాశారు. అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చి, చదివాక మళ్ళీ చెప్పమన్నారాయన. రోజులు గడిచిన కొద్దీ ఆ కథలో వాళ్ళకి తెలియని దోనె తెలిసిన పడవైపోయింది. సీల్ అనే సముద్రజంతువు వేట కాస్తా చేపల వేటైంది. ఎవరూ కావాలని మార్చలేదు. తమకి తెలిసిన లోకంలోకి కథని తెచ్చుకున్నారంతే.

మాట మారితే చూసింది మారుతుంది

ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ పేరు వచ్చినావిడ ఎలిజబెత్ లాఫ్టస్. 1974లో ఆమె, జాన్ పామర్ అనే సహచరుడితో కలిసి చేసిన ప్రయోగం వింటే ఇంత చిన్న మాటకి ఇంత బలమా అనిపిస్తుంది.

విద్యార్థులకి కారు ప్రమాదాల సినిమా ముక్కలు చూపించారు. తరవాత కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో చెప్పమన్నారు. అందరికీ ఒకే ప్రశ్న, ఒక్క క్రియాపదమే తేడా. కొందర్ని "కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు" అని అడిగారు. కొందర్ని "నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగారు. తగిలినప్పుడన్నవాళ్ళు సగటున గంటకి 32 మైళ్ళు అన్నారు. నుజ్జునుజ్జన్నవాళ్ళు 41 మైళ్ళన్నారు. సినిమా ఒకటే, కళ్ళూ అలాంటివే!

ఇంకోసారి ఇలాగే సినిమా చూపించి, వారం తరవాత పిలిచి, అక్కడ పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. నిజానికి ఆ సినిమాలో గాజు పగలనే లేదు. అయినా, వారం కిందట నుజ్జునుజ్జనే మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా గుద్దుకున్నాయని విన్న 50 మందిలో ఏడుగురే అలా అన్నారు. ప్రశ్నలో వాడిన ఒక్క మాట వారం రోజులు లోపల నాని, లేని గాజు ముక్కల్ని తెచ్చి రోడ్డు మీద పోసింది.

ప్రశ్న అడిగినవాళ్ళే కాదు, జవాబు విన్నాక వాళ్ళు తల ఊపే తీరు కూడా పనిచేస్తుంది. 1998లో గ్యారీ వెల్స్ అనే ఆయన మరొకరితో కలిసి, తప్పుడు మనిషిని గుర్తుపట్టిన సాక్షుల్లో కొందరికి "భేష్, సరిగ్గా చెప్పారు" అన్న మాట చెప్పించి చూశారు. ఆ తరవాత వాళ్ళు తమకి మొదట్నించీ గట్టి నమ్మకముందని చెప్పడమే కాదు, ఆ మనిషిని దగ్గర్నుంచి, బాగా చూశామని కూడా అన్నారు! బర్లింగ్టన్ పోలీసులు చేసింది ఇదే. వాళ్ళకి దురుద్దేశం ఉందనలేం. ఏడుస్తున్న ఆడపిల్లకి ధైర్యం చెప్పాలనుకున్నారు. అంత మంచి మాట ఒక మనిషి పదేళ్ళని మింగేసింది.

దీనికి ఇంకో రెండు తోడయ్యాయి. చేతిలో కత్తి ఉంటే మన చూపు కత్తి మీదే ఉంటుంది, ముఖం మీద తక్కువ నిలుస్తుంది. జెన్నిఫర్ తెల్లమ్మాయి, కాటన్ నల్లవాడు. తమ జాతివాళ్ళ ముఖాలని పోల్చుకున్నంత బాగా వేరే జాతివాళ్ళ ముఖాలని పోల్చుకోలేరని ఎన్నో పరిశోధనల్లో తేలింది.

టీవీలో కనిపించినవాడు నేరస్థుడు!

కథలో కూడా నమ్మలేని సంఘటన ఇంకొకటి ఆస్ట్రేలియాలో జరిగింది. అక్కడ డొనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జ్ఞాపకాల మీదే పరిశోధన చేసేవాడు. 1975లో ఒక అత్యాచారం కేసులో పోలీసులు ఆయన్నే పట్టుకున్నారు. బాధితురాలు వరసలో నిలబెట్టినవాళ్ళలోంచి ఆయన్ని చూపించింది. తీరా చూస్తే, నేరం జరిగిన సమయంలో ఆయన టీవీలో లైవ్ కార్యక్రమంలో ఉన్నాడు. పక్కన పోలీసు ఉన్నతాధికారి కూడా ఉన్నాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎవరికి దొరుకుతుంది! ఇంతకీ జరిగిందేమిటంటే, దాడికి ముందు ఆమె చూస్తున్నది ఆ కార్యక్రమమే. తెర మీది ముఖాన్ని మనసు తీసుకెళ్ళి దుర్మార్గుడికి అతికించింది. ముఖం సరిగ్గానే గుర్తుంది, ఎక్కడ చూసిందీ అన్నదే మారిపోయింది. ఇంకో విచిత్రం, ఆ రోజు టీవీలో థామ్సన్ మాట్లాడింది సాక్షులు ఎలా పొరబడతారో అనే దాని గురించే!

అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షల వల్ల నిర్దోషులుగా బయటపడ్డవాళ్ళ కేసులు చూస్తే, మూడింట రెండు వంతులకి దగ్గరగా సాక్షులు మనిషిని పొరబాటుగా గుర్తుపట్టినవే. అలాగని సాక్షి మాట చెత్తబుట్టలో వేయమని ఎవరూ అనరు. సాక్షి మొట్టమొదటిసారి, ఎవరూ ఏమీ అందించకుండా, గట్టి నమ్మకంతో చెప్పిన మాటకి చాలా విలువుందని ఇటీవలి పరిశోధనలూ అంటున్నాయి. కోర్టులో ఏడాది తరవాత చూపించే నమ్మకానిది ఆ విలువ కాదు. అందుకే 2007లో నార్త్ కరోలినా కొత్త చట్టం చేసింది. అనుమానితుడు ఎవరో తెలియని అధికారే సాక్షికి ఫొటోలు చూపించాలి. వీళ్ళలో నేరస్థుడు ఉండొచ్చు, లేకపోవచ్చు అని ముందే చెప్పాలి. ఎంత నమ్మకంగా చెప్పారో అప్పటికప్పుడే రాసుకోవాలి.

మన ఇళ్ళల్లో విచారణలు

అమెరికా సంగతి మనకెందుకంటారా? మన ఇళ్ళల్లో కోర్టులుండవు గానీ, విచారణలకి లోటా?

రెండు పేటల గొలుసు కనిపించలేదనుకోండి. కోడలు అత్తగారి దగ్గరికి వెళ్ళి, "అత్తయ్యా, మొన్న ఊడవడానికి వచ్చినప్పుడు పనమ్మాయి బీరువా దగ్గర తచ్చాడటం మీరు చూశారు కదూ?" అంటుంది. అత్తగారు నిజంగా చూసింది పనమ్మాయి గదిలోంచి చీపురుతో బయటికి రావడం. ఆ ప్రశ్న విన్నాక, ఔనౌను బీరువా దగ్గర నిలబడింది కూడా అనిపిస్తుంది. సాయంత్రం కొడుకుతో చెప్పేటప్పటికి తలుపు మీద చెయ్యి వేసింది. మర్నాడు పక్కింటావిడతో చెప్పేటప్పటికి కొంగులో ఏదో దాచుకుంది. పాపం, ఆవిడ అబద్ధమాడటం లేదు. చెప్పిన ప్రతిసారీ ఆవిడకి అలాగే కనపడుతోంది. వారం తరవాత ఆ గొలుసు పట్టుచీర మడతలో దొరికితే మనం హమ్మయ్య అనుకుంటాం. ఈ లోపల ఆ అమ్మాయిని వీధిలో మిగిలిన మూడిళ్ళవాళ్ళూ మానిపించేసి ఉంటారు.

ఏదైనా పోయినప్పుడు, చెడు జరిగినప్పుడు ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని చర్చ పెట్టుకోకముందే, ఎవరికి వాళ్ళు చూసింది ఒక కాగితం మీద తారీఖు, టైము వేసి రాసిపెట్టుకుంటే మంచిది. చూసింది వేరు, అనుకున్నది వేరు. రెండూ రెండు వరసల్లో రాయండి. నలుగురూ మాట్లాడుకున్నాక నలుగురికీ ఒకే జ్ఞాపకం తయారవుతుంది. అది చూసి అందరూ ఒకే మాట చెబుతున్నారు కనక నిజమే అనుకోవడం పెద్ద పొరబాటు.

పిల్లల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. స్కూల్నుంచి పిల్ల ఏడుస్తూ వచ్చిందనుకోండి. "ఆ డ్రైవరు నిన్ను కొట్టాడా? ఎక్కడ కొట్టాడు? ఇక్కడేనా?" అని గుచ్చిగుచ్చి అడుగుతాం. పిల్ల కాదందనుకోండి, మళ్ళీ అడుగుతాం. మొదట చెప్పింది తప్పు కాబోలు, అందుకే అమ్మ మళ్ళీ అడుగుతోందనుకుని పిల్ల జవాబు మార్చేస్తుంది. నిజంగా అన్యాయం జరిగినప్పుడు కూడా ఇలా అడగడం వల్ల కేసు పాడవుతుంది, ఈ మాటలు తల్లే నేర్పిందంటారు అవతలి లాయర్లు. అందుకని ఒళ్ళో కూచోబెట్టుకుని, "ఏమైందమ్మా, చెప్పు" అనండి. చెబుతున్నంతసేపూ వినండి. ఆగిపోతే "తరవాత?" అనండి చాలు. పిల్ల వాడిన మాటల్ని అలాగే రాసిపెట్టుకోండి, మన మాటల్లోకి మార్చకండి.

సాక్షిగా పిలుపు వస్తే

మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. కొన్ని సూత్రాలు మాత్రం పాతవే. ఒక విషయం రుజువు కావడానికి ఇంతమంది సాక్షులుండాలనే లెక్కలేదు. న్యాయమూర్తికి నమ్మకం కలిగితే ఒక్కరి మాట మీద కూడా శిక్ష పడొచ్చు. ఆ ఒక్కరూ మీరే కావచ్చు! సాక్షి నోట్లో మాట పెట్టే ప్రశ్నల్ని ఆ సాక్షిని పిలిపించిన పక్షం లాయరు మామూలుగా అడగకూడదు. అవతలివాళ్ళు అభ్యంతరం చెబితే కోర్టు ఆపుతుంది. ఎదుటి పక్షం లాయరు మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగొచ్చు. కాబట్టి అక్కడ గబగబా ఔననకుండా, ప్రశ్న పూర్తిగా విని, గుర్తులేనిది గుర్తులేదని చెప్పడంలో నామోషీ ఏం లేదు.

గొలుసు తెంపుకుపోయినవాణ్ణి గుర్తుపట్టమని గుర్తింపు పరేడ్‌కి పిలిచారనుకోండి. మన దగ్గర దీన్ని సాధారణంగా మేజిస్ట్రేట్ జరిపిస్తారు, పోలీసులు కాదు. అనుమానితుడితో పాటు అతని పోలికలో ఉన్న మరికొందర్ని కలిపి నిలబెడతారు. దానికి ముందు పేపర్లో, టీవీలో, ఫోన్లో అతని ఫొటో ఎవరైనా చూపించబోతే వద్దనండి. చూసేసి ఉంటే ఆ మాట మేజిస్ట్రేట్‌తో దాచకుండా చెప్పండి. వరసలో ఎవరో ఒకర్ని చూపించి తీరాలన్న నియమం లేదు. ఇంత దూరం పిలిపించారు, ఊరికే వెళ్తే ఏం బాగుంటుందన్న మొహమాటం అసలు పనికిరాదు. నిదానంగా చూడండి. "వీళ్ళలో అతను లేడండీ" అన్నా, "నాకు తెలియడం లేదు" అన్నా అది కూడా జవాబే. అదీ రాసుకుంటారు.

ఇక జెన్నిఫర్, కాటన్‌ల సంగతి. 1997లో ఇద్దరూ ఒక చర్చిలో కలుసుకున్నారు. ఆమె క్షమించమని అడిగింది. అతను ఎప్పుడో క్షమించానన్నాడు. 2009లో ఇద్దరి పేర్లతో ఈ కథంతా పుస్తకంగా వచ్చింది. సాక్షుల్ని ఎలా అడగాలో పోలీసులకీ, లాయర్లకీ చెప్పడానికి ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు. అన్నీ తెలిశాక కూడా, డీఎన్‌ఏ పరీక్ష తరవాత చాలా కాలం వరకూ, కళ్ళు మూసుకుంటే ఆ రాత్రి తన మీద దాడి చేసినవాడిగా కాటన్ ముఖమే కనపడేదని జెన్నిఫర్ చెప్పింది.